అడుగు పొరలో ప్రదక్షిణ

విజయనగరంలో కోట దగ్గర ఎవర్నడిగినా "పురుగుల మేడమ్ ఇల్లా?" అని చెయ్యి చాపి చూపిస్తారు. అసలు పేరు వరహాలమ్మ అని నా పింఛను కాగితాలకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందుకు నాకు బాధేమీ లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. తక్కిన బతుకంతా ఆకు లోపల దూరి, పై పొరనీ కింది పొరనీ వదిలేసి మధ్యనున్న పచ్చదనం మాత్రం తినే ఈగ పిల్లల వెంట తిరిగాను. టమాటా ఆకు మీద తెల్లటి వంకర గీతలు చూసి రైతులు పాముపొడ అంటారే, అదే సంగతి. నావి ఫెర్న్ మొక్కల మీదవి. ఆ గీత చివర ఉన్నది ఏ ఈగ పిల్లో చూసి చెప్పగలదాన్ని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. గొప్పకి చెప్పడం లేదు, ఆ పని ఇంకెవరికీ అక్కర్లేక.

"కన్నపిల్లల మొహాలు గుర్తున్నాయా, ఆ పురుగుల మొహాలేనా?" అని మా ఆయన ఏడిపించేవారు. మహానుభావుడు పట్టుజారుడు జబ్బుతో పోయారు. ఆ జబ్బు మా మావగారిది, ఆయనకి వాళ్ళమ్మది. నలభై దాటాక మొదలవుతుంది. ముందు చేతిలోంచి గ్లాసు జారుతుంది, తర్వాత నోట్లోంచి మాట జారుతుంది, ఆఖరికి ఊపిరి. తల్లిలోనో తండ్రిలోనో ఉంటే పిల్లలకి వచ్చేదీ రానిదీ సగం సగం. మందు లేదు. వచ్చి మీద పడేదాకా ఏ రక్తపరీక్షలోనూ కనపడదు. నాకు ఇద్దరు పిల్లలు. పార్థు పెద్దవాడు, పళ్ళ డాక్టరు. చందన రెండోది. వాళ్ళ చేతిలోంచి పెన్ను జారినా నా గుండె జారేది.

అలాంటి జబ్బుకి పరీక్ష కనిపెట్టినవాడు నా శిష్యుడే, సూరిబాబు. తెలివైనవాడు. కాని ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు మొదలెట్టే రకం. అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు పక్కన, కాఫీ తోటల మధ్య వాడి ప్రయోగశాల. ఫెర్న్ కాడకి సూదితో మనిషి రక్తం బొట్టు ఎక్కిస్తారు. ఆ ఆకులో ఈగ పిల్లని వదులుతారు. అది తింటూ తింటూ చుట్టు తిరుగుతుంది. రక్తంలో జబ్బు లేకపోతే పురుగు ఒకవైపు తిరుగుతుంది, జబ్బు దాగి ఉంటే రెండోవైపు. ఆ వాసన దానికెలా తెలుస్తుందో సూరిబాబుకీ సరిగ్గా తెలీదు. తెలుస్తుందన్నది మాత్రం నిజం. జబ్బు ముదిరినవాళ్ళ రక్తంతోనూ, జబ్బు లేని ఇళ్ళవాళ్ళ రక్తంతోనూ చేసి చూశాడు, ఒక్కటీ తప్పలేదు.

ప్రయోగశాలలో పిల్లలు మొదటి దాన్ని ప్రదక్షిణ అన్నారు, రెండోదాన్ని అప్రదక్షిణ అన్నారు. ఆ మాట కొండ దిగి ఊళ్ళలోకొచ్చేసింది. "మావాడికి ప్రదక్షిణొచ్చీసిందండీ!" అంటూ జనం గుళ్ళో కొబ్బరికాయలు కొట్టి, నిజంగానే ప్రదక్షిణలు చేసేవారు. అప్రదక్షిణ వచ్చినవాళ్ళు ఏ గుడికి వెళ్ళేవారో నాకు తెలీదు.

కిందటేడు వానాకాలంలో నా పిల్లలిద్దరూ ఒకే రోజు రక్తం ఇచ్చారు. చందనకి ప్రదక్షిణ. పార్థుకి అప్రదక్షిణ.

వాడు ఏడవలేదు. వారం తిరక్కుండా పెళ్ళి కుదిరిన సుహాసిని వాళ్ళింటికి వెళ్ళి, పెళ్ళి మానుకుందామని తనే చెప్పి వచ్చాడు. ఆ పిల్ల వీధి గుమ్మం దాకా వెంటబడి ఏడిచిందట. "రేపు ఎవరి పంటి మీదో మిషన్ జారితే?" అని ఆసుపత్రికి తాళం పెట్టేశాడు. చందన మాత్రం అన్నాళ్ళూ వద్దు వద్దంటూ వచ్చిన బిడ్డని అప్పుడు కావాలనుకుంది. ఇప్పుడు దానికి ఐదో నెల. అల్లుడు ఓడ మీద డ్యూటీకి వెళ్ళడంతో నా దగ్గరే ఉంది.

మా ఇంట్లో పింగాణీ కప్పులున్నాయి, నీలం పువ్వులవి. పార్థు మొదటి సంపాదనతో కొన్నాడు. ఆ ఫలితం వచ్చిన మర్నాడు చందన వాడికి స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. "జారినా పగలదు కదమ్మా, కప్పు పగిలితే అన్నియ్య మనసు కష్టపెట్టుకుంటాడు" అంది వంటింట్లో నాతో. ప్రేమతోనే చేసింది. స్టీలు మూతి కాలుతుందని చిన్నప్పుడు పాలు కూడా తాగనివాడు ఆ రోజు నుంచి మాట్లాడకుండా అందులోనే తాగుతున్నాడు.

మొన్న మాఘంలో సూరిబాబు ఫోను చేశాడు.

"మేడమ్, ఒక్క సంతకం కావాలండి. పురుగు ఫలానాదని మీరు రాసిచ్చీస్తే పరీక్షని అన్ని ఊళ్ళకీ ఇచ్చీస్తామంటున్నారు. మీరొచ్చి, ఓ టీ తాగి, సంతకం పెట్టీసి వెళ్ళిపోదురు గాని."

"పురుగుని చూడకుండా పెళ్ళిచూపుల్లో పిల్లనయినా ఒప్పుకోను. వస్తాను, చూస్తాను" అన్నాను. వాక్యం తిరగబడిందని ఫోను పెట్టేశాక తోచింది. చందన విని పడీపడీ నవ్వింది.

వెళ్ళాను. పొగమంచుతో అద్దాలన్నీ చెమర్చి ఉన్నాయి. సూరిబాబు ఎదురొచ్చి నా సంచీ అందుకుని, లోపల కింద నుంచి దీపం వెలిగే గాజుబల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. బల్ల మీద ఫెర్న్ ఆకు. వెలుగులో గీత వెండి తీగలా మెరుస్తోంది. చివర పురుగు.

"ఇదీ మన ఈగ పిల్ల. మీరే కదా మొదట్లో పేరు చెప్పేరు" అన్నాడు.

ఒకటి తీసి నీళ్ళచుక్కలో పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాను. ఈగ పిల్లకి మొహం ముందుండదు, వెనకుంటుంది. అంటే, తోక చివర రెండు ఊపిరి బొడిపెలుంటాయి, అవే దాని ఆనవాలు. నేను పేరు చెప్పిన పురుగుకి ఒక్కో బొడిపె మీద మూడేసి బుడిపెలుండాలి, లవంగం మొగ్గలా. దీనికి విల్లులా వంగిన బుడిపెల వరస ఉంది. ఇంకోటి తీశాను. అదీ అంతే. ఆకు మీద మలం చూశాను. మా పురుగు దారికి అటొకటి ఇటొకటి నల్లచుక్క వదులుతుంది. ఇది నడిమధ్యన ఒకటే గీతగా వదిలింది.

"ఒరే సూరీ, ఇది నా పురుగు కాదురా."

"అదేటండీ! ఈగ చూస్తే అచ్చం అదే. పోలిక చూసే మిషన్లో పెట్టినా రెండూ ఒకటేనని వచ్చింది."

"రెండూ అంటున్నావు. రెండోది ఎక్కడిది?"

వాడు కొంచెం తడబడ్డాడు. కిందటేడు వానలకి ముందు, ఎండలకి మొదటి ఈగలన్నీ చచ్చిపోయాయట. చింతపల్లి వైపు అడవిలో అదే ఫెర్న్ మీద అలాంటి గీతలే కనపడితే తెచ్చి పెంచారట. ఈగ అదే, ఆకు అదే, ఇక మళ్ళీ రోగుల రక్తంతో సరిచూడటం దేనికనుకున్నారట.

ఆకుని ఆ దీపపు బల్ల మీంచి తీసి కిటికీ దగ్గర పగటి వెలుగులోకి పట్టుకెళ్ళాను. పైనుంచి చూస్తే ఉత్త పచ్చటి ఆకు, గీత లేదు. తిప్పాను. అడుగున, గోధుమరంగు చుక్కల మధ్య గీత తెల్లగా కనపడింది. నా పురుగు పై పొర కింద తొలుస్తుంది. ఇది అడుగు పొర మీద తొలుస్తోంది. కింద నుంచి దీపం వేస్తే పైదో కిందదో ఎవడికి తెలుస్తుంది? అంతా ఒకటే వెండి తీగ.

అప్పుడు కిటికీ గట్టు పట్టుకున్నాను.

"సూరీ, బయటికెళ్ళి ఈ అద్దానికి అటువైపు నిలబడు."

వాడు వెళ్ళాడు. చెమర్చిన అద్దం మీద నేను వేలితో చుట్టు గీశాను, నెమ్మదిగా, ప్రదక్షిణగా.

"ఎటు తిరిగింది?" అని అరిచాను.

"అప్రదక్షిణమండీ" అన్నాడు అటునుంచి. అనేసి అలాగే నిలబడిపోయాడు. వాడి మొహంలో నెత్తురు దిగిపోవడం ఆ మసక అద్దంలోంచి కూడా చూశాను.

లోపలికొచ్చాక విడమరిచి చెప్పాను. పురుగుకి మన గుడి తెలీదు, గంట తెలీదు. దానికి తెలిసింది తన కుడి, తన ఎడమ. రక్తం బాగుంటే తన కుడికి తిరుగుతుంది. పై పొరకి వీపు ఆనించిన పురుగు కుడికి తిరిగితే పైనుంచి చూసేవాడికి ప్రదక్షిణ. అడుగు పొరకి వీపు ఆనించి, వెల్లకిలా పడుకున్నది అదే కుడికి తిరిగితే మనకి అప్రదక్షిణ. పురుగు తప్పు చెప్పలేదు. మనం ఎటు నుంచి చూస్తున్నామో మనం చూసుకోలేదు.

"అంటే, రెండో ఈగలొచ్చాక చేసినవన్నీ..." అన్నాడు సూరిబాబు.

"తిరగేసి చదవాలి. మంచివాళ్ళకి జబ్బుందన్నావు, జబ్బున్నవాళ్ళని ఇంటికెళ్ళి కొబ్బరికాయ కొట్టుకోమన్నావు."

ఈ మాట అంటున్నప్పుడు నేనింకా టీచర్నే. వాడు "పార్థు... చందన..." అన్నాక అమ్మనయ్యాను. ఎంత దిక్కుమాలిన బుర్ర నాది! శాస్త్రం ముందు చూసి, నా ఇల్లు తర్వాత చూసింది.

ఒక ఆశ మిగిలింది. కుడి ఎడమల లెక్క నాది, పురుగు దానికి లోబడుతుందని రూలేమీ లేదు. జబ్బు ముదిరినవాళ్ళ రక్తంతో ఈ రెండో పురుగుని సరిచూస్తే తేలిపోతుంది. ప్రయోగశాల వెనక గదుల్లో అలాంటివాళ్ళు కొందరు ఉంటున్నారు. గవిరమ్మ అనే ఆవిడ పక్కన కూర్చుని రక్తం అడిగాను. ఆవిడ చేతులు ఒళ్ళో రెండు గుడ్డపేలికల్లా పడున్నాయి. మాట ముద్దగా వచ్చింది.

"ఎంత కావాలంటే అంత తీసుకోండమ్మా. నాకేటి పని దాంతో? మా పిల్లకి ప్రదచ్చినం వొచ్చీసింది, నాకదే సాలు" అంది.

"ఎప్పుడొచ్చిందమ్మా?" అని నేనడగలేదు. అడగకపోయినా సూరిబాబు తల వంచుకోవడంలో తెలిసిపోయింది.

పురుగు తిరగడానికి కొన్నాళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ ఇంట్లో నేను మనిషిలా లేను. చందన వేడి వేడి ఇడ్లీల్లో కారప్పొడి వేసుకుని "నీ మనవరాలు కారం అడుగుతోందమ్మా" అంటే మొహం తిప్పుకునేదాన్ని. నా దేవుడి గదిలో నిలబడితే దణ్ణం కూడా కుదరలేదు. నా లెక్క తప్పవ్వాలని మొక్కుకుంటే పార్థుకి జబ్బు ఉండాలని మొక్కుకున్నట్టు. ఒప్పవ్వాలని మొక్కుకుంటే చందనకి. ఏ తల్లి నోట ఏ మాట వస్తుంది? దీపం పెట్టి ఊరికే వచ్చేసేదాన్ని.

ఓ సాయంత్రం పార్థు నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఆసుపత్రి కుర్చీ, మిషన్లూ అడిగితే ఒకతను కొంటానన్నాడు. ఉగాది ముందు ఇచ్చీద్దామనుకుంటున్నాను" అన్నాడు.

"తొందరేముందిరా?"

"చేతులు బాగున్నప్పుడే అన్నీ సర్దీసుకుంటే మేలు కదా. తర్వాత నువ్వూ చెల్లీ అవస్థ పడకూడదు." ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, రేపు కరెంటు ఉండదని చెప్పినట్టు. వాడి చేతులు చూశాను. పొడుగాటి వేళ్ళు, శుభ్రంగా గోళ్ళు. వాడి చేతులకి ఏమీ కాలేదు, కానీ వాడు ఎప్పుడో వాటికి నీళ్ళు వదిలేశాడు.

తర్వాత సూరిబాబు రమ్మని కబురు పెట్టాడు. గవిరమ్మ రక్తం ఎక్కించిన ఆకులు వరసగా పెట్టి ఉన్నాయి. దీపపు బల్ల ఆర్పేయించి కిటికీ వెలుగులోనే చూశాను. పైనుంచి, వాళ్ళు ఇన్నాళ్ళూ చూసినట్టు, ఆకుని ఆకాశానికి పట్టి చూశాను. ప్రదక్షిణ. రెండో ఆకూ ప్రదక్షిణ. చేతులు పడిపోయిన మనిషి రక్తం తాగి, ప్రతి పురుగూ సలక్షణంగా ప్రదక్షిణ చేసింది.

సూరిబాబు నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మేడమ్, తప్పు నాది. అందరికీ నేనే చెప్తాను, జైల్లో పెట్టినా పెట్టనీండి. ఒక్క మాట వింటారా? చందన పురుడయ్యేదాకా ఆగుదాం. నాలుగు నెలలే కదండీ. ఈలోగా పరీక్ష ఆపీసి, మిషన్ పాడైందని చెప్పీవచ్చు. కడుపుతో ఉన్న పిల్లకి ఈ మాట ఎలాగ చెప్తారు?"

మీకు అబద్ధం చెప్పను, ఆ మాట నాకు తేనెలా తగిలింది. సంచీ భుజాన వేసుకుని, "అలాగే" అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు వాడి వెనక గోడకున్న గాజుపలకలు కనపడ్డాయి. పరీక్ష అయిన ప్రతి ఆకునీ అలా గాజుల మధ్య అంటించి ఉంచుతారు. ఎందరో. వాటిలో ఒక ఆకు పార్థుది. నాలుగు నెలలు ఒక బిడ్డ నిద్ర పాడుకాకుండా ఉండాలని ఇంకో బిడ్డని రోజూ కొంచెం కొంచెం చావనివ్వాలి. వాడొక్కడే కాదు, జబ్బుందనుకుని పిల్లలొద్దని ఆపరేషన్ చేయించుకున్న ఆవిడ ఒకర్తె ఉందని సూరిబాబే చెప్పాడు. ఇంకో నాలుగు నెలల్లో ఇంకెందరు ఏం చేసుకుంటారో?

"రేపు పొద్దున్నే అందరికీ ఫోన్లు చెయ్యి. ముందు అప్రదక్షిణ వాళ్ళకి చెయ్యి. మా ఇంటికి మాత్రం చెయ్యకు. అది నా పని" అన్నాను.

"చందనకేమని చెప్తారండీ?"

"నిజం చెప్తాను. అది పురుగుల మేడమ్ కూతురు. తిరగేసిన పాఠం చదివించి ఊరుకుంటే తర్వాత నన్ను క్షమించదు" అన్నాను. ధైర్యంగా అన్నాననుకోకండి. ఘాట్ రోడ్డు మలుపులన్నిటా బస్సు కిటికీకి తల ఆనించి ఏడుస్తూనే వచ్చాను. పక్కసీటావిడ కడుపులో తిప్పుతోందనుకుని నిమ్మకాయ ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న కాఫీల వేళ. చందన మూడు కాఫీలు తెచ్చింది, నాకూ దానికీ నీలం పువ్వుల కప్పులు, పార్థుకి స్టీలు గ్లాసు. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. వాకిట్లో కాకి అరుస్తోంది. ఎవరైనా చుట్టాలొస్తారేమోనంది చందన.

చెప్పాను. ఒక్కసారిగా చెప్పాను, ఆగితే మళ్ళీ మొదలెట్టలేనని తెలుసు. ఈగలు చచ్చిపోవడం, కొత్తవి తేవడం, అడుగు పొర, అద్దం మీద చుట్టు, గవిరమ్మ ఆకులు. చివరి వాక్యం మాత్రం చెప్పక్కర్లేకపోయింది. అద్దం మాట దగ్గరే చందనకి అర్థమైపోయింది. చిన్నప్పుడు నా వెనక ఫెర్నులు ఏరిన పిల్ల కదా. దాని చెయ్యి కడుపు మీదకి పోయింది.

"అంటే అన్నియ్యకి లేదు" అంది.

"లేదమ్మా."

"నిజంగా లేదు కదా? మళ్ళీ తిరగబడదు కదా?"

"లేదు తల్లీ."

"హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్య నిజం. దాని కళ్ళు చూశాను కాబట్టి చెబుతున్నాను, అది నటన కాదు. ఆ తర్వాతే "మరి దీనికి?" అంది, కడుపు మీద చెయ్యి తియ్యకుండానే.

"సగం సగం. నీకూ పార్థుకీ ఉన్నట్టే. నిన్ను కన్నప్పుడు నాకూ తెలుసు ఆ సంగతి. తెలిసే కన్నాను. ఏం, తప్పు చేశానా?"

అది లేచి వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. దాని జుట్టు నిమురుతూ నేను పైకే ఏడ్చాను, టీచరమ్మలు ఏడవకూడదన్న నియమం ఎక్కడా లేదు.

పార్థు మాత్రం కదల్లేదు. తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు. ఏడాదిగా ఎదురుచూస్తున్న చావు రాదని తెలిసినవాడి మొహంలో ఆనందం ఉంటుందనుకుంటాం. లేదు. వాడి కళ్ళు చెల్లెలి మీదే ఉన్నాయి.

కాసేపటికి చందన తల ఎత్తి, కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపింది. "అన్నియ్యా, ఆ స్టీలు గ్లాసు ఇటిచ్చీయి. ఇంక అది నాది."

పార్థు గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. అందులో కాఫీ అంతా ఒక్క గుక్కలో తాగేశాడు, మూతి కాలినా సరే. తర్వాత లేచి, నీలం పువ్వుల కప్పు ఎత్తి దాని రెండు చేతుల్లో పెట్టి, పైనుంచి తన చేతులు మూశాడు.

"నువ్వు ఇందులోనే తాగుతావు. ఎప్పుడూ ఇందులోనే" అన్నాడు.

"జారితే?"

"జారితే పగుల్తుంది. మళ్ళీ కొంటాను. రేపు ఆసుపత్రి తాళం తీసేస్తున్నాను కదా."